నల్ల ఊదమ్మ ఏ కొండ పిల్ల?

ఇదిగో చిట్టీ, కాళ్ళు అలా ఝాడించకు. దుప్పటంతా నువ్వే లాగేసుకుంటే ముసల్దాన్ని నేనేం కప్పుకోను? ఆ, అలా జరుగు. పొద్దున ఊదల జావ పోస్తే మూతి మూడు వంకర్లు తిప్పావు కదా, ఇవాళ ఆ ఊదల కథే చెప్తాను. తిప్పిన మూతితోనే విను.

అనగనగా ఒక కొండ మీద ఒక ఊరు. ఊరు పేరు నెమలిమెట్ట. పక్కనే గెడ్డ పారేది, అంటే కొండల్లోంచి దూకుతూ వచ్చే చిన్న ఏరు. పొద్దున్నే మంచు దిగితే పక్కింటి మనిషి కూడా కనపడేది కాదు. పిలిస్తే పలికేవాళ్ళు, అంతే.

ఆ ఊళ్ళో ఏ పనైనా పాటతోనే. విత్తనం జల్లడానికి ఒక పాట. కలుపు తీయడానికి ఒక పాట. కొత్త గింజ తినడానికి ఒక పాట. ఆ పాట పాడకుండా కొత్త గింజ నోట్లో వేసుకున్నావో, బుద్రి అవ్వ చీపురు తిరగేసేది.

బుద్రి అవ్వ ఎవరంటావా? ఊరి పాటలకి పెద్ద. నోట్లో ఒకటే పన్ను. నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చేది. నోరు కాలదా అని అడిగితే, "కాల్తే నీకేటే, నా నోరు కదా" అనేది. అంత కోపిష్టిది. కానీ పాట ఎత్తిందంటే గెడ్డవతల మేకలు మేపుకునేవాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు.

పంట చేతికొచ్చాక కొత్త పండగ చేసేవాళ్ళు. పండిన గింజలన్నీ తలా పిడికెడు తెచ్చి చేటలో పోసి, పక్కన అవే గింజలు వండి అడ్డాకు దొప్పల్లో పెట్టేవాళ్ళు. బుద్రి అవ్వ ఒక్కొక్కటీ రుచి చూసి, "సామమ్మ ఉన్నదా?" అని పాడేది. ఊరంతా "ఉన్నదమ్మా ఉన్నది" అనేవాళ్ళు. "చోడమ్మ ఉన్నదా?" "ఉన్నదమ్మా ఉన్నది." చోడమ్మంటే రాగులే. గింజల తర్వాత గెడ్డలు, గెడ్డల తర్వాత కొండలు. అన్నిటినీ పేరుపేరునా పిలిచాకే ముద్ద నోట్లోకి వెళ్ళేది.

ఆ పాటకి ఒకటే కట్టుబాటు. లేనిదాన్ని ఉన్నదని పాడకూడదు. చేటలో గింజ లేకపోతే ఆ గింజ పేరు ఎత్తకూడదు. అమ్మవారి ముందు అబద్ధం పాడితే ఆ నోటికి అన్నం సయించదని వాళ్ళ నమ్మకం.

ఏం నవ్వుతావే? నువ్వు పళ్ళు తోమకుండానే తోమానంటావు చూడు, నీలాంటి వాళ్ళ కోసమే ఆ కట్టుబాటు.

సరే. ఆ ఊళ్ళో గాసి అని ఒక కుర్రాడు. డప్పు బాగా కొట్టేవాడు. అతనికి దూరాన, నది ఒడ్డున తేనెబండ అనే చిన్న కొండ మీది పిల్లనిచ్చి పెళ్ళి చేశారు. పిల్ల పేరు సోంబారి. సోమవారం పుట్టిందని ఆ పేరు పెట్టారు.

కొత్త కోడలు వస్తే నెమలిమెట్టలో ఊరికే లోపలికి రానివ్వరు. గుమ్మానికి అడ్డంగా రోకలి పెట్టి, ఆడవాళ్ళంతా చేరి పాటతో అడుగుతారు. "ఎవరింటి బిడ్డవే? ఏ కొండ పిల్లవే?" కోడలు తన కొండ పేరు చెప్పాలి. అప్పుడు రోకలి తీస్తారు.

సోంబారి సిగ్గుపడుతూ, "తేనెబండ బిడ్డనే" అంది. అత్త రోకలి తీసింది. లోపలికొచ్చిన కోడలి చంకలో ఒక ఎండు ఆనపబుర్ర ఉంది. దాన్నిండా నల్ల ఊదలు. వాళ్ళమ్మ ఇచ్చి పంపింది. "ఇది మన కొండ గింజ. ఎక్కడున్నా ఇంత జల్లుకో" అని చెప్పిందట.

ఆ తర్వాత ఏమైందంటే, ఆ వానాకాలమే కింద నదికి ఆనకట్ట కట్టడం పూర్తయింది. నీళ్ళు నిలబడ్డాయి. నిలబడి నిలబడి పైకి ఎక్కాయి. తేనెబండ మీద ఇళ్ళు మునిగాయి, మామిడి చెట్లు మునిగాయి, ఆఖరికి కొండ నెత్తి కూడా మునిగింది. అక్కడి జనం తలో దిక్కూ పోయారు. సోంబారి వాళ్ళమ్మ మైదానంలో ఎవరి చేలోనో కూలికి కుదిరింది.

సంతలో ఎవరో సోంబారికి ఈ కబురు చెప్పారు. ఇంటికొచ్చి గాసితో అంది, "మా అమ్మకి జల్లుకోడానికి చెక్క నేల లేదు. పండగ లేదు. పండగ లేకపోతే పాట లేదు. ఇంక తేనెబండ పేరు ఎత్తేవాళ్ళే లేరు. ఎవరూ పిలవకపోతే అది ఎప్పుడూ లేనట్టే అయిపోద్ది."

గాసి పాపం మంచివాడు. "మన పండగలో పాడిద్దాంలే" అన్నాడు.

"ఎలా పాడతారు? చేటలో గింజ ఉండాలి కదా."

"జల్లు మరి. బుర్రనిండా ఉన్నాయి కదా."

అదీ సంగతి. ఆ గింజ నెమలిమెట్టలో పండాలి. పండితే చేటలోకి వెళ్తుంది. చేటలోకి వెళ్తే దాని కొండని కూడా పిలవాలి. అప్పుడు తేనెబండ పేరు పాటలోకి వస్తుంది. సోంబారికి కావలసింది అంతే. నగలు కాదు, చీరలు కాదు.

మొదటి ఏడు వేసవి పోయింది. వానలు మొదలయ్యాయి. అందరూ సామలు జల్లుతున్నారు. సోంబారి మాత్రం జల్లలేదు. వాళ్ళమ్మ పాడే పాట ఒకటి ఆమె నోటికి పట్టేసి ఉంది. "నేరేడు పండు రాలే వేళ, నల్ల ఊద జల్లే వేళ" అని. అందుకని రోజూ వెళ్ళి నేరేడు చెట్టు కింద చూసేది. పండు రాలదే! అత్త మొత్తుకుంది, "జల్లవే పిల్లా, అదును పోతోంది" అని. వింటేనా? "మా అమ్మ పాట తప్పదు" అంది.

పాట తప్పలేదు చిట్టీ. కొండ మారింది. తేనెబండ కిందుండే వేడి కొండ, అక్కడ నేరేడు బేగా పండుతుంది. నెమలిమెట్ట చలి కొండ, అక్కడ అన్నిటికంటే ఆఖర్న పండుతుంది. పండు రాలి, ఈవిడ గింజ జల్లి, మొక్క మొలిచి, కంకి తొంగిచూసేసరికి మంచు కాలం వచ్చి పడింది. కంకులన్నీ తాలు. చేత్తో నలిపితే పొట్టు ఎగిరిపోయింది. ఆ ఏడు చేటలో సోంబారి గింజ లేదు.

అప్పుడు బుద్రి అవ్వ చుట్ట తీసి, "ఒక కొండ పాట ఇంకో కొండకి పనికొస్తాదేటే, పిచ్చి మొహమా?" అని తిట్టింది. తిట్టిందే కానీ, జల్లే అదును ఈ కొండలో ఎలా తెలుస్తుందో ఆ పాట దగ్గర కూర్చోబెట్టి నేర్పింది.

రెండో ఏడు వచ్చింది. సోంబారి ఈసారి తొలి ఉరుము ఉరిమిన మర్నాడే జల్లింది. అత్త సామల చేలోనే ఒక పక్కన జల్లింది. ఎంత బాగా మొలిచాయో! రోజూ పొద్దున వెళ్ళి ఒకసారి, సాయంత్రం ఇంకోసారి చూసుకునేది. మొక్కలతో మాట్లాడేది కూడా. గాసి వెక్కిరించేవాడు, "నాతో కూడా అన్ని మాటలాడవు కదే" అని.

ఆ తర్వాత కలుపు రోజులొచ్చాయి. సరిగ్గా అప్పుడే సోంబారికి చలిజ్వరం పట్టుకుంది. కంబళి కప్పుకుని వణుకుతూ పడుకుంది. ఊరి ఆడవాళ్ళంతా అత్త చేలో వరసగా దిగి పాట ఎత్తారు.

ఆ పాటలో పంట మొక్కల పేర్లుంటాయి. "సామను ఉంచు, చోడిని ఉంచు, కందిని ఉంచు, కొర్రను ఉంచు" అని. పాట ఎవరిని ఉంచమంటే వాళ్ళని ఉంచుతారు. పేరు లేనిదల్లా కలుపే. పాట నడుస్తుంటే చేతులు వాటంతట అవే ఆడతాయి, కళ్ళతో పనే లేదు. ఊద మొక్క చూడ్డానికి గడ్డిలాగే ఉంటుంది మరి. ఒక్కటి మిగల్చలేదు.

జ్వరం తగ్గి సోంబారి చేనుకి వెళ్ళేసరికి ఆమె మొక్కలన్నీ గట్టు మీద వాడిపోయి ఉన్నాయి. ఓలమ్మ, ఆ పిల్ల ఏడుపు! "ఎవరు పీకారు? ఎవరి చేతులివి?" అని అరిచింది. అత్త మట్టి చేతులు వెనక్కి పెట్టుకుని, "నేనూ పీకానమ్మా. పాటలో దాని పేరు లేదు కదా" అంది.

ఎవర్ని తిడుతుంది చెప్పు? కావాలని చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ఏడు కూడా చేటలో సోంబారి గింజ లేదు. పండగ రోజు అందరూ "ఉన్నది, ఉన్నది" అంటుంటే, ఆ పిల్ల ఇంట్లోంచి బయటికి రాలేదు.

పడుకున్నావా? లేదా? కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్నావేంటి! విను మరి.

మూడో ఏడు వచ్చింది. ఆనపబుర్ర వంచితే అడుగున పిడికెడు గింజలున్నాయి. ఇవి కూడా పోతే ఇంక లేవు. తేనెబండకి వెళ్ళి తెచ్చుకుందామంటే తేనెబండే లేదు.

అప్పుడు సోంబారి బుద్రి అవ్వ దగ్గరికి వెళ్ళింది. "అవ్వా, కలుపు పాటలో నా ఊదమ్మ పేరు కలుపు. లేకపోతే మళ్ళీ పీకేస్తారు" అంది.

"ఎలా కలుపుతానే? ఈ కొండలో పండని దాన్ని పంటని పాడితే అబద్ధం కాదా?"

"పాటలో లేకపోతే పండదు అవ్వా."

"పండకపోతే పాటలోకి రాదు కదే."

ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. బుద్రి అవ్వకీ బాధగానే ఉంది. కానీ ఏం చేస్తుంది? ఆవిడ అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన కట్టుబాటు. "పో, పోయి గంజి తాగు" అని కసిరి అటు తిరిగి కూర్చుంది. కళ్ళు తుడుచుకోడానికే అటు తిరిగిందని నా అనుమానం.

సోంబారి ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది. పక్కన గోడకి రోకలి ఆనించి ఉంది. అదే రోకలి. తను వచ్చిన రోజు అడ్డం పెట్టినది. దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చుంది. అప్పుడు ఉన్నట్టుండి లేచి, కొప్పు ఊడిపోతున్నా ముడేసుకోకుండా అవ్వ ఇంటికి పరిగెత్తింది.

"అవ్వా! నువ్వు అబద్ధం పాడొద్దు. అది పంటని అననూ వద్దు. నన్ను అడిగారు కదా, అలా అడగండి. అడిగితే అబద్ధం అవదు కదా!"

బుద్రి అవ్వ నోట్లో చుట్ట అలాగే ఉండిపోయింది. ఒక్క పన్ను బయటపెట్టి పకపకా నవ్వింది. నవ్వితే చుట్ట జారి ఒళ్ళో పడి, కోక చిల్లు పడింది. "చావగొట్టావు కదే! కోడల్నే అడిగినవాళ్ళం, గడ్డిపరకని అడగడానికి ఏటి నొప్పి!" అంది.

ఆ ఏడు కలుపు తీసేటప్పుడు పాటలో కొత్త చరణం వచ్చింది. "సామను ఉంచు, చోడిని ఉంచు, కందిని ఉంచు, కొర్రను ఉంచు" అని పాడుతూ వచ్చి, పేరు తెలియని మొక్క ఎదురైతే అందరూ వంగి అడిగేవాళ్ళు, "ఎవరింటి బిడ్డవే? ఏ కొండ పిల్లవే?" అని. అడిగితే బదులు కోసం ఆగాలి కదా! అలా చేతులు ఆగాయి. నిజం గడ్డి అయితే పీకారు, ఊద అయితే వదిలేశారు. అత్త అందరికంటే ముందు నడుస్తూ, "ఒసే, చూసి, చూసి, మా పిల్లది" అని అరుస్తూనే ఉంది.

ఊదలు ఏపుగా పెరిగాయి. నల్లటి కంకులు బరువుకి వంగాయి. పిట్టలు రాకుండా సోంబారి పొద్దస్తమానం చేలోనే. అప్పటికి ఆమెకి నెలలు నిండుతున్నాయి. అయినా కూర్చుంటేనా!

కొత్త పండగ వచ్చింది. చేటలో సామలు, చోళ్ళు, కందులు, కొర్రలు, వాటి పక్కన నల్ల ఊదలు. గాసి డప్పు ఎత్తాడు. బుద్రి అవ్వ రుచి చూస్తూ, పాడుతూ వచ్చింది. ఊరు బదులు పలుకుతూ వచ్చింది. చివరికి అవ్వ నల్ల ఊదల దొప్ప ముందు ఆగింది.

"ఎవరింటి బిడ్డవే? ఏ కొండ పిల్లవే?"

గింజ తరఫున సోంబారి బదులు పాడింది. "తేనెబండ బిడ్డనే, నల్ల ఊద పిల్లనే."

పాట అక్కడితో అయిపోదు. కొండ పేరు వచ్చాక ఆ కొండని కూడా అడగాలి. "తేనెబండ ఉన్నదా?" అని అవ్వ అడిగింది.

ఎవరూ పలకలేదు. గాసి చేతిలో డప్పు ఆగిపోయింది. తేనెబండ నీళ్ళల్లో ఉందని అందరికీ తెలుసు. లేనిదాన్ని ఉన్నదని ఎలా అంటారు? సోంబారికి కూడా అబద్ధం చేతకాదు. "అవ్వా, నీళ్ళ కింద ఉంది. ఉన్నట్టో లేనట్టో నాకూ తెలీదు" అంది.

అప్పుడు బుద్రి అవ్వ దొప్పలోంచి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుంది. ఒక్క పన్నుతో నములుతోంది, నములుతోంది. జనం నిలబడి చూస్తున్నారు. ఇంకో ముద్ద తీసుకుంది. ఎవరో పిల్లాడు, "అంతా తినేస్తోంది" అని గొణిగితే వాళ్ళమ్మ నోరు మూసింది.

అవ్వ మింగి, మూతి తుడుచుకుని అంది. "నా పుట్టుక దగ్గర్నుంచి ఈ కొండలో పండినవన్నీ తిన్నాను. ఈ రుచి నేనెరగను. మన మట్టిలో పెరిగింది, మన గెడ్డ నీళ్ళు తాగింది, అయినా తన కొండ రుచి మాత్రం వదల్లేదు. ఇప్పుడది నా నాలిక మీద ఉంది. నాలిక మీద ఉన్నదాన్ని లేదని పాడితే, అది కదర్రా అబద్ధం?"

చెప్పి మళ్ళీ పాట ఎత్తింది. "తేనెబండ ఉన్నదా?"

ముందు ఎవరు పలికారో తెలుసా? అత్త. ఆ మొక్కల్ని పీకిన అత్త. "ఉన్నదమ్మా ఉన్నది" అంది. ఆ తర్వాత గాసి. ఆ తర్వాత ఊరంతా. సోంబారి నేల మీద కూర్చుండిపోయి, ఎవరేమనుకుంటారో అని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చింది. అంత సంతోషం ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ పడలేదట.

మరుసటేడు పండక్కి మైదానం నుంచి ఒక ముసలామె మూట పట్టుకుని కొండెక్కి వచ్చింది. సోంబారి వాళ్ళమ్మ. ఆమె వెనకాల తలో దిక్కూ పోయిన తేనెబండ వాళ్ళు ఇంకొందరు. పాటలో తమ కొండ పేరు వస్తుందని సంతలో విన్నారట. "తేనెబండ ఉన్నదా?" అనేసరికి వాళ్ళంతా ఒక్క గొంతుతో పలికారు. ఆ రోజు నెమలిమెట్ట గొంతు వాళ్ళ గొంతులో కలిసిపోయింది.

ఆ తర్వాత నెమలిమెట్టకి ఏ కోడలు వచ్చినా బిందెలూ పళ్ళేలూ తెచ్చావా అని అడగడం మానేశారు. ఏ గింజ తెచ్చావని అడగడం మొదలుపెట్టారు. ప్రతి కోడలికీ పాటలో ఒక చరణం. పాట పొడుగైపోయింది. పండగ రోజు ముద్ద నోట్లోకి వెళ్ళేసరికి ఆకలికి కళ్ళు తిరిగేవి, నిజం చెప్తున్నా.

నాకెలా తెలుసా? బాగా అడిగావు. సోంబారి మా అమ్మే. వాళ్ళమ్మ మూట పట్టుకుని వచ్చిన ఏడు నేను అమ్మ చంకలో ఉన్నాను. నాకు తొలి ముద్ద పెట్టింది బుద్రి అవ్వ. ఏం పెట్టిందో చెప్పనక్కర్లేదుగా? నువ్వు మూతి తిప్పావే, అదే.

తేనెబండని నేను కళ్ళతో చూళ్ళేదు చిట్టీ. ఎప్పటికీ చూడను కూడా. అయినా మా అమ్మ పాడుతుంటే అక్కడి మామిడి చెట్లు, రాతి మీద తేనెపట్లు, అన్నీ చూసినట్టే ఉండేది. అమ్మ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం కొట్టుకుంటుంది. ఈ మధ్య పండక్కి వెళ్తే కుర్రవాళ్ళు గబగబా పాడేస్తున్నారు. తేనెబండ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగి నా వైపు చూస్తారు. నేను ఉన్నదని పలుకుతాను. నేను లేకపోతే ఎవరివైపు చూస్తారో అని ఒక్కోసారి దిగులేస్తుంది.

ఏంటీ? నువ్వు పలుకుతావా? జావ తాగనిదానివి నువ్వేం పలుకుతావే! నాలిక మీద ఉంటేనే పలకాలి. తాగుతావా? ఒట్టు? రేపు పొద్దున చూస్తాగా.

సరే అయితే, కళ్ళు మూసుకో. మూసుకునే పలుకు.

సామమ్మ ఉన్నదా?

"ఉన్నదమ్మా ఉన్నది."

నల్ల ఊదమ్మ ఉన్నదా?

"ఉన్నదమ్మా... ఉన్నది."

కథేమో కంచికి, కంకేమో చేటకి,
కునుకేమో కంటికి, మనమేమో ఇంటికి.

తేనెబండ ఉన్నదా?

చిట్టీ?

"...ఉన్నది, అమ్మమ్మా."